నీ పట్టికలో సగం కొట్టేయి

చి. కార్తీక్‌కు,
పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రయాణ పట్టిక చూశాను. నాలుగు రోజుల్లో అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కు మొత్తం, దాని దక్షిణాన ఉన్న గ్రాండ్ టీటాన్ పర్వతాల పార్కు మొత్తం, చాలదన్నట్టు ఒక పూట కోడీ ఊరు కూడానా! నీ కారు అంత తిరగగలదేమో కానీ మీ అమ్మానాన్నలు తిరగలేరు. సగం కొట్టేయి. ఏ సగమో చెబుతాను.

ఎల్లోస్టోన్ దాదాపు 9,000 చదరపు కిలోమీటర్ల అడవి. లోపల 8 అంకె ఆకారంలో తిరిగే గ్రాండ్ లూప్ రోడ్డే 142 మైళ్లు. గంటకు 45 మైళ్లకు మించి నడపకూడదు, అదీ దారి ఖాళీగా ఉంటేనే. ఆగస్టులో ఖాళీగా ఉండదు. హేడెన్ లోయలో బైసన్ల (అడవి దున్నల్లాంటివి) మంద రోడ్డెక్కిందంటే అవి దయతలచి దిగేదాకా కార్లన్నీ వరుసగా నిలబడాల్సిందే. ఫోనులో మ్యాపు గంటన్నర అంటే నువ్వు రెండున్నర వేసుకో. అన్నట్టు లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాపు ముందే ఫోనులోకి దించుకో.

అందుకే లామార్ లోయ వద్దు. తోడేళ్లను మళ్లీ 1995లో తెచ్చి వదిలారని చదివి నీకు ఉత్సాహం వచ్చి ఉంటుంది, కాదనను. కానీ వాటిని చూడాలంటే తెల్లవారేసరికి పార్కు ఈశాన్య మూలన దుర్భిణీ పట్టుకుని నిలబడాలి. మీ నాన్నగారు కాఫీ పడనిదే కదలరని నీకు తెలియదా? మామత్‌లో వేడినీటి ఊటలు కట్టిన సున్నపురాతి మెట్లు కూడా ఈసారికి వదిలేయి. కోడీ సంగతి అసలు ఎత్తకు.

సాల్ట్ లేక్ సిటీలో దిగి, వెస్ట్ ఎల్లోస్టోన్ ద్వారం నుంచి లోపలికి వెళ్లండి. గీజర్లు, అంటే నేలలోంచి వేడినీటిని పైకి చిమ్మే ఊటలు, చూసుకుని, దక్షిణ ద్వారం గుండా టీటాన్లలోకి దిగి, జాక్సన్ మీదుగా వెనక్కి రండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. నాకు అది నచ్చదు. గీజర్లు మనిషిని నడిపిస్తాయి, నిలబెడతాయి. టీటాన్లను చెరువు గట్టున కూర్చునే చూడవచ్చు. అలసిన కాళ్లకు ఆ విశ్రాంతి చివర్లో దొరకాలి.

బస మాత్రం రెండు రాత్రులైనా ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే పేరున్న గీజర్ దగ్గరే చూడు. గదులు నెలల ముందే నిండిపోతాయి, కానీ రద్దయినవి ఎప్పటికప్పుడు బయటికి వస్తుంటాయి. రోజూ పొద్దున్నే ఒకసారి వెతుకు. అక్కడి గదుల్లో టీవీ ఉండదు, ఏసీ ఉండదు. క్రికెట్ స్కోరు తెలియదని మీ నాన్నగారికి ఇప్పుడే చెప్పి పెట్టు, అక్కడికి వెళ్లాక చెబితే గొడవ.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గంటకోసారి లేస్తుందని మీ అమ్మ ఎక్కడో విన్నదట. అంత గడియారం ప్రకారం లేవదు. ఇప్పుడు సుమారు గంటన్నరకు ఒకసారి. ఎగసినది ఎంతసేపు ఉందో చూసి, తరువాతిది ఎప్పుడో రేంజర్లు లెక్కగడతారు. తక్కువసేపు ఎగస్తే తరువాతిది త్వరగా వస్తుంది, ఎక్కువసేపు ఎగస్తే ఆలస్యమవుతుంది. సందర్శకుల కేంద్రంలో సమయం రాసి పెడతారు, అది పది నిమిషాలు అటూ ఇటూ. ఎందుకు ఎగస్తుందని అడిగితే మీ అమ్మకు కుక్కరును గుర్తు చెయ్యి. భూమి లోపలి సన్నని గొట్టాల్లో నీరు మరుగు స్థాయిని దాటి కాగుతుంది, పైనున్న నీటి బరువు దాన్ని ఆవిరి కానివ్వదు. బుడగలు కొంత నీటిని పైకి నెట్టగానే బరువు తగ్గి, మిగిలినదంతా ఒక్కసారిగా ఆవిరై తన్నుకొస్తుంది.

అది చూసి అందరూ కారెక్కి వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి. నేను ఈ ఉత్తరం రాస్తున్నదే ఇందుకు. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో గ్రాండ్ గీజర్ ఉంది. ముందుగా సమయం చెప్పగలిగే గీజర్లలో ప్రపంచంలో ఇదే ఎత్తయినది, ఒక్కోసారి 200 అడుగులకు లేస్తుంది. దీని సమయమూ రాసి పెడతారు, కానీ అది గంటకు పైగా అటూ ఇటూ. బెంచీలు ఉన్నాయి. పులిహోర డబ్బా, నీళ్లు, గొడుగు, ఉన్ని శాలువా తీసుకుని వెళ్లి కూర్చోండి. పక్కనే టర్బన్ అని ఒక చిన్న గీజర్ సుమారు 20 నిమిషాలకొకసారి చిందుతుంటుంది. గ్రాండ్ లేచేది సాధారణంగా టర్బన్ వంతు వచ్చినప్పుడే. కాబట్టి ప్రతి 20 నిమిషాలకూ ఒకసారి ఊపిరి బిగబట్టాలి. గ్రాండ్ మడుగు అంచుదాకా నిండి, పొర్లి, దాని మీద చిన్న చిన్న అలలు పరిగెత్తడం మొదలైతే మీ నాన్నగారిని కునుకులోంచి లేపు. ఎగసి ఆగిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టి లేస్తారు. మీరు లేవకండి. ఒక్కోసారి మడుగు ఖాళీ అయ్యాక రెండోసారి తన్నుతుంది, అది మొదటిదాని కన్నా ఎత్తుకు పోవచ్చు.

గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగుల వేడినీటి మడుగుకు పొద్దున్నే పరిగెత్తాలని రాశావు. చల్లటి వేళ ఆవిరి దట్టంగా కమ్మి రంగులు కనపడవు. ఎండ ఎక్కాక వెళ్లండి. ఫెయిరీ ఫాల్స్ దారిలో మైలు కన్నా తక్కువ నడిస్తే పైనుంచి చూసే చోటు వస్తుంది, చివర కొంచెం ఎక్కుడు. అమ్మ మోకాలు సహకరించకపోతే కింద చెక్కల బాట మీద నడిపించు. ఆ నారింజ, పసుపు రంగులు వేడిని తట్టుకునే సూక్ష్మజీవులవి. మీ నాన్నగారు ల్యాబులో పని చేసిన మనిషి, ఆయనకు ఇది చెప్పు: 1960లలో థామస్ బ్రాక్ ఎల్లోస్టోన్ వేడినీటిలో కనుగొన్న బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైముతోనే పీసీఆర్ పరీక్ష ఇంటింటి మాట అయింది. ఆ తరువాత ఆయన్ను అక్కడి నుంచి కదిలించడం నీ బాధ్యత.

చెక్కల బాట మీదినుంచి ఒక్క అడుగు కూడా పక్కకు వేయవద్దు. నేల గట్టిగా కనిపిస్తుంది, కింద పలుచని పెంకు, దాని కింద మరిగే నీళ్లు. వేడినీటిలో కాలి చనిపోయినవారు ఆ పార్కు చరిత్రలో 20 మందికి పైనే. టోపీ ఎగిరి పడితే పడనీ.

బైసన్లకు 25 గజాలు, ఎలుగులకూ తోడేళ్లకూ 100 గజాలు దూరం ఉండాలి. బైసన్ ఆవులా మేస్తుంటుంది కనుక మనవాళ్లు పక్కన నిలబడి ఫొటో దిగబోతారు. అది గంటకు 35 మైళ్లు పరిగెత్తగలదు. తోక పైకి లేపిందంటే చాలు, వెనక్కి వచ్చేయండి. ఆగస్టు మొదటి సగం వాటి జతకట్టే కాలం, మగవాటి గర్జన కారు అద్దాలు మూసినా వినిపిస్తుంది.

తిండి విషయంలో ఇంకొక మాట. డబ్బాలు బల్ల మీద వదిలి ఫొటోలకు వెళ్లకండి. ఆవకాయ వాసన ఎలుగు దాకా పోనక్కరలేదు, ముందు కాకోలాలు, అంటే పెద్ద నల్ల కాకులు, వస్తాయి. అవి సంచి జిప్పులు కూడా తీయగలవు. తినడం కాగానే అన్నీ కారులో పెట్టి తాళం వేయండి.

పార్కులో చాలా భాగం 7,000 అడుగులకు పైనే. మొదటి రోజు ఆయాసం వస్తుంది, నీళ్లు తాగిస్తూ ఉండు. రాత్రి ఆగస్టులోనూ చలి కొరుకుతుంది. అమ్మ రక్తపోటు మాత్రలు చేతి సంచిలో ఉండాలి, డిక్కీలో కాదు.

దక్షిణానికి వెళ్లే రోజు క్రెయిగ్ పాస్ దగ్గర ఐసా చెరువు వద్ద కారు ఆపు. చిన్న తామర చెరువే, కానీ దాని నీరు ఒకవైపు అట్లాంటిక్‌కు, మరోవైపు పసిఫిక్‌కు పోతుంది. అయిదు నిమిషాలు చాలు.

టీటాన్లకు ముందు గుట్టలు ఉండవు. భూమి పగులు వెంట పడమటి వైపు లేచి, తూర్పు వైపు కుంగింది. అందుకే లోయలోంచి నేరుగా 7,000 అడుగులు నిలువునా కనిపిస్తాయి. ఎండ తూర్పు ముఖం మీద పడేది పొద్దునే, సాయంత్రం సూర్యుడు వాటి వెనక్కి పోతాడు. కనుక ఫొటోలు పొద్దున, కాఫీ తరువాత. జెన్నీ సరస్సు పడవ కూడా పొద్దునే ఎక్కండి, మధ్యాహ్నాలు ఉరుముల వాన రావచ్చు. అవతలి గట్టున హిడెన్ ఫాల్స్ దాకా నడిచి వెనక్కి వచ్చేయండి. ఇన్‌స్పిరేషన్ పాయింట్ నువ్వొక్కడివీ ఎక్కు, అప్పటిదాకా వాళ్లు గట్టున కూర్చుంటారు. ఎక్కేటప్పుడు ఎలుగుల స్ప్రే నడుముకు ఉండాలి, సంచి అడుగున కాదు. అది విమానంలో రానివ్వరు, అక్కడే కొనుక్కో.

కొత్త పట్టిక రాసి పంపు. అమ్మకు చెప్పి మోకాలి పట్టీ, మూసి ఉండే బూట్లు తెమ్మను. చెప్పులతో వస్తానంటే నాకు ఫోను చెయ్యి, నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ