నొప్పికి పదికి ఎన్ని?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. మర్రిగూడ ప్రాంతంలోనే పుట్టి పెరిగింది. ఫ్లోరైడ్ నీళ్ల మూలంగా నడుము, మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఆసుపత్రిలో 'నొప్పి పదికి ఎంత?' అంటే ఒకసారి 'పది' అంది, ఇంకోసారి 'పదహారణాలు' అంది. మరోచోట గీత మీద గుర్తు పెట్టమంటే నడిమధ్యన పెట్టింది. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: మూడూ నమ్మదగినవే. కాకపోతే ఒకదానితో ఒకటి పోల్చకూడదు.

గీత పద్ధతిలో 100 మిల్లీమీటర్ల గీతకు ఒక కొస నొప్పి లేకపోవడం, రెండో కొస ఊహించగల అత్యంత తీవ్రమైన నొప్పి. చూడడానికి సూక్ష్మమైన కొలత. కానీ చూపు మందగించి, వేళ్లు బిగుసుకున్న పెద్దవారు ఇందులో ఎక్కువగా పొరబడతారు. జిరాక్సులో గీత పొడవు మారినా కొలత తప్పుతుంది. 'లేదు, కొద్దిగా, మధ్యస్థంగా, తీవ్రంగా' అనే మాటల కొలత వారికి సులువే గాని, మెట్లు పెద్దవి కావడంతో కొద్దిపాటి మార్పును పట్టుకోలేదు. ముఖాల బొమ్మలు ప్రధానంగా పిల్లల కోసం చేసినవి. కొన్నింటిలో చివరి ముఖానికి కన్నీళ్లుంటాయి కనుక, ఏడవని మనిషి ఎంత నొప్పి ఉన్నా దాన్ని చూపకపోవచ్చు.

మీ అమ్మగారికి 0 నుంచి 10 అంకెల కొలతనే నేర్పమంటాను. పది అంటే 'చాలా నొప్పి' కాదని, అంతకు మించి ఊహించలేని నొప్పి అని ముందే చెప్పాలి. అప్పటికీ కుదరకపోతే మాటల కొలత వాడండి.

ఇక అణాలు 1957లో లెక్కల్లోంచి పోయినా మన పెద్దల నాలుక మీద ఉన్నాయి. నాకు ఆ లెక్కంటే గౌరవమే. అయితే 'బారాణ (పన్నెండు అణాలు, అంటే ముప్పావు వంతు) తగ్గింది' అన్నది ఇప్పటి నొప్పిని కాక, తగ్గిన వాటాను చెబుతుంది. పాత నొప్పి జ్ఞాపకం ఇవాళ్టి నొప్పిని బట్టి మారిపోతుంది. కనుక 'ఇప్పుడు ఎంత ఉంది?' అనే అడగండి. రోజూ ఒకే వేళకు, కూర్చున్నప్పుడు ఎంత, లేచి నడిచేటప్పుడు ఎంత అని విడివిడిగా రాసిపెట్టండి. దీర్ఘకాలిక నొప్పిలో సుమారు రెండు అంకెలు, లేదా మూడో వంతుకు దగ్గరగా తగ్గితేనే చెప్పుకోదగ్గ మార్పుగా వైద్యులు తీసుకుంటారు. ఎనిమిది ఏడైనంత మాత్రాన మందు పనిచేసిందనలేం.

ఒక్క హెచ్చరిక. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బులో (ఫ్లోరోసిస్‌లో) వెన్నుపాము నొక్కుకుపోయే ప్రమాదం ఉంది. కాళ్లు పట్టుతప్పినా, మొద్దుబారినా, మూత్రం మీద అదుపు పోయినా, అంకె ఎంత తక్కువగా ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.