కోళ్ల గురక వినే ఏఐ యాప్ పెడితే యాంటీబయాటిక్ ఖర్చు తగ్గుతుందా? (పర్లాకిమిడి, 3,000 బ్రాయిలర్లు)

తగ్గుతుంది, కానీ ముందు నీళ్ల మీటరు బిగించండి. మైకు సంగతి తర్వాత.

ఫోను గురకను పట్టగలదు గానీ దాని కారణం చెప్పలేదు. సీఆర్‌డీ (బ్యాక్టీరియాతో వచ్చే దీర్ఘకాలిక శ్వాస జబ్బు) అయినా, వైరస్‌తో వచ్చే కొక్కెర తెగులైనా, ఊకలోంచి లేచే అమోనియా అయినా గొంతులో చప్పుడు దాదాపు ఒకటే. వీటిలో యాంటీబయాటిక్‌కు లొంగేది మొదటిదొక్కటే. పైగా మనవి రేకుల షెడ్లు. వాన పడితే మైకుకు వినపడేది వానే. తెల్లవారుజామున మూడింటికి ఫ్యాన్లు ఆపి పది నిమిషాలు రికార్డు చేస్తే పనికొచ్చే శబ్దం దొరుకుతుంది.

24వ రోజు అనుకోండి. 3,000 కోళ్లు రోజుకు సుమారు 600 లీటర్లు తాగాలి, ఎండకాలం ఇంకా ఎక్కువ. మీటరు 520 చూపించింది, అంటే తక్కువ తాగాయి; యాప్ కూడా గురక ఉందంది. చాలామంది మందుల షాపుకు పరిగెత్తేది ఇక్కడే. ఆగండి. కోళ్లు నీళ్లు తాగే నిపుల్స్ ఒక్కొక్కటీ నొక్కి చూడండి, మూసుకుపోయి ఉండొచ్చు. తర్వాత కోళ్ల ఎత్తున కూర్చోండి. కళ్లు మండితే అది అమోనియా, షెడ్డు పరదాలు తెరిచి గాలి ఆడనివ్వండి, తడి ఊక ఎత్తిపోయండి. ఈ రెండూ కాకపోతే, మొదటి డోసు పడకముందే, అప్పుడే చచ్చిన రెండు మూడు కోళ్లను ఐసు పెట్టెలో ల్యాబుకు పంపండి. గడ్డకట్టనివ్వొద్దు. మందు తాగిన కోడి నుంచి క్రిమి సరిగా పెరగదు, రిపోర్టు ఖాళీగా రావచ్చు.

ఏఐ నిజంగా అక్కరకొచ్చేది ఆ ల్యాబులోనే. క్రిమిని పెంచే ప్లేటును 35 డిగ్రీల్లో 16–18 గంటలు ఉంచాక, మందు బిళ్ల చుట్టూ క్రిమి పెరగని వలయాన్ని కొలుస్తారు. ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పితే పనిచేయని మందు పనిచేస్తుందని రాసేస్తారు. ఫోటోతో ఆ వలయాన్ని కొలిచే యాంటీబయోగో యాప్‌ను ఎంఎస్‌ఎఫ్ (డాక్టర్స్ వితవుట్ బోర్డర్స్) ఫౌండేషన్ మనుషుల ల్యాబుల కోసం చేసింది. పశువుల ఆసుపత్రులకూ అలాంటిది కావాలి, గురక యాప్‌ల కంటే ముందు కావాలి.

ఇక డోసు. డాక్టరు ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు రాశారనుకుందాం. 1.2 కిలోల కోళ్లు మూడు వేలంటే 3,600 కిలోలు, అంటే 36 గ్రాములు, 10 శాతం ద్రావణంలో 360 మి.లీ. అలవాటుగా లీటరుకు అర మి.లీ. కలిపితే, తాగే 520 లీటర్లలో పడేది 260 మి.లీ. మాత్రమే. బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి. రెండో రోజుకే గురక తగ్గిందని మందు ఆపేసినా జరిగేది ఇదే. ఈ గుణకారం చేసిపెట్టని యాప్‌కు డబ్బు కట్టొద్దు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడమని సలహా ఇచ్చే యాప్‌ను వెంటనే తీసేయండి, పశువులకూ కోళ్లకూ దాన్ని మన దేశంలో 2019 జూలైలోనే నిషేధించారు.

కొనేముందు ఇంకొకటి అడగండి: అలర్టు ఏ భాషలో వస్తుంది? రాత్రి షెడ్డులో ఉండేది సవర కుర్రాడైతే, పర్లాకిమిడిలో నిద్రపోతున్న మీ ఫోనుకు ఇంగ్లీషులో వచ్చిన మెసేజ్ ఏం చేస్తుంది? అతని ఫోనుకే, అతని మాటలో, గొంతుతో రావాలి.