పెండ్లైతే తగ్గుతుందని ఆగకండి

అక్కా, మీ పదిహేనేండ్ల బిడ్డ నెలనెలా బహిష్టు నొప్పికి వాంతులతో రెండు రోజులు బడి మానేస్తోందంటే అది ఓర్చుకోవాల్సిన నొప్పి కాదు. పెండ్లైతే తగ్గుతుందని మీ అత్తమ్మ చెప్పినా అప్పటిదాకా ఆగొద్దు. గర్భసంచిలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఎక్కువై కండరం బిగుసుకోవడం వల్లే సాధారణంగా ఇలా అవుతుంది. మెఫెనమిక్ యాసిడ్ అనే నొప్పి మాత్ర వాటి తయారీనే తగ్గిస్తుంది. నొప్పి ముదిరాక వేస్తే అందుకే సరిగా పనిచేయదు. మొదటిసారి డాక్టరును అడిగి మొదలుపెట్టండి: నొప్పి తెలియగానే, తిన్నాక 500 మి.గ్రా., తర్వాత అవసరమైతే ఆరు గంటలకోసారి 250, రెండు మూడు రోజులే. ఆస్తమా, అల్సర్, కిడ్నీ జబ్బు, డెంగీ అనుమానం ఉంటే అస్సలు వద్దు.

మూడు నెలలు వాడినా తగ్గకపోతే తేదీలు రాసుకుని నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రిలో గైనిక్ డాక్టరుకు చూపించండి. పిల్లలకు స్కానింగ్ పొట్టమీదనే చేస్తారు, భయపడొద్దని చెప్పండి. అది నార్మల్ వచ్చినంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) లేదని కాదు. ఆ సంగతి గట్టిగా అడగండి.