త్రీడీ మెదడు చూపించే ముందు

బరంపురం

అమ్మలూ,

నువ్వు మీ మెడికల్ కాలేజీ పిల్లలకి పాఠం చెప్పడానికి చేసి వాట్సాప్‌లో పంపిన త్రీడీ మెదడుని నిన్న రాత్రి మీ అన్నయ్య టీవీలో పెట్టి చూపించాడు. గిర్రున తిరుగుతోంది, ఎర్రటి ధమనులు మెరిసిపోతున్నాయి. చాలా బాగుంది. నా బెంగంతా ఆ బాగుండడం గురించే.

రిటైర్మెంటుకి ముందు నేనూ ఇలాంటి మోడల్‌తోనే పాఠం చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత వైవాలో ఫార్మలిన్‌లో ఉన్న మెదడుని ట్రేలో బోర్లించి, మెదడు అడుగున ముందు ధమనినీ వెనక ధమనినీ కలిపే కొమ్మని, అదే పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ఆర్టరీని చూపించమన్నాను. మంచి మార్కులొచ్చే కుర్రాడే, ఫోర్సెప్స్ పట్టుకుని ఎర్ర గొట్టం కోసం వెతుకుతున్నాడు. ట్రేలో ఉన్నది పాలిపోయిన సన్నని దారం. కుడి ఎడమలు కూడా తారుమారు చేశాడు. మోడల్‌ని ఎప్పుడూ పైనుంచే చూశాడు మరి. కింద నుంచి చూస్తే మెదడు కుడివైపు మన ఎడమచేతి వైపు వస్తుందని వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ ఎవరూ నేనే.

అందుకని ఆ మోడల్‌ని పిల్లలకి మొదటిసారి చూపించేటప్పుడు కింది వైపు నుంచే తెరువు, పేర్లన్నీ దాచిపెట్టు. ముందు పిల్లల చేత నోట్సులో సర్కిల్ ఆఫ్ విల్లిస్, అంటే మెదడు అడుగున ధమనులన్నీ కలిసే వలయం, గీయించు. తప్పులు గీస్తారు, గీయనీ. గీశాకే మోడల్ తిప్పనివ్వు. ఏమీ అడక్కుండా ఫోన్ చేతికిస్తే బొంగరంలా తిప్పుకుంటూ కూర్చుంటారు, ఏదీ బుర్రకెక్కదు. పక్కన ట్రేలో అసలు మెదడు ఎలాగూ ఉండాలి.

ఆ వలయానికి పేరిచ్చిన ఇంగ్లీషు డాక్టరు విల్లిస్ మెదడు మీద తన పుస్తకం వేసింది 1664లో. దానికి బొమ్మలు గీసినవాళ్ళలో ముఖ్యుడు క్రిస్టఫర్ రెన్, తర్వాత లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి కట్టిన మనిషి. అప్పటి నుంచి ఆ వలయాన్ని అందరూ చక్కగా, నిండుగా గీస్తూనే ఉన్నారు. నీ మోడల్‌లోనూ అంతే. మనుషుల్లో మాత్రం అంత నిండైన వలయం ఉన్నవాళ్ళు తక్కువే. ఒకరికి ఒక కొమ్మ నూలుపోగంత ఉంటుంది, ఇంకొకరికి అసలే ఉండదు. వీలైతే మోడల్ ఇంకో రెండు రకాలుగా చెయ్యి: ఒకదాంట్లో ఒక పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ సన్నగా, ఇంకోదాంట్లో మెదడు వెనక భాగానికి వెళ్ళే పోస్టీరియర్ సెరిబ్రల్ ధమని నేరుగా మెడలోంచి వచ్చే కెరోటిడ్ ధమని నుంచే వచ్చేలా.

ఆ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పడానికి నేను మన ఠాకురాణి అమ్మవారి యాత్రని వాడుకునేవాణ్ణి. రెండేళ్ళకోసారి యాత్రప్పుడు పాత బరంపురంలో పెద్ద వీధి జనంతో మూసుకుపోతే పక్క సందులోంచి ఇంటికి చేరతాం. ఆ సందు సైకిల్ పట్టనంత ఇరుకైతే? కెరోటిడ్ మూసుకున్నప్పుడు ఒకడికి ఏమీ కాకపోవడం, ఇంకొకడికి చెయ్యీ కాలూ పడిపోవడం చాలాసార్లు ఆ పక్క సందులాంటి సన్న కొమ్మల దగ్గరే తేలుతుంది. ఒడియా పిల్లలకీ మన తెలుగు పిల్లలకీ ఒకేసారి అర్థమయ్యేది.

త్రీడీ నిజంగా అక్కరకొచ్చేది ఒక్కో నాళాన్నీ మాయం చేసేటప్పుడు. మెదడు పక్క భాగానికి రక్తం ఇచ్చే ఎడమ మిడిల్ సెరిబ్రల్ ధమనిని తీసేసి, ఈ పేషెంట్ మాట్లాడగలడా, కుడి ముఖం, చెయ్యి ఎలా ఉంటాయి అని అడుగు. యాంటీరియర్ సెరిబ్రల్ తీస్తే కాలు ఎందుకు ఎక్కువ దెబ్బతింటుందో వాళ్ళే వెతకనీ. పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ మొదట్లో చిన్న బుడగ పెట్టి కంటిని కదిలించే మూడో నరాన్ని నొక్కించు. కనురెప్ప వాలి కంటిపాప పెద్దదవడం వాళ్ళు మళ్ళీ మర్చిపోరు. మిడిల్ సెరిబ్రల్ నుంచి లోపలికి దూరే వెంట్రుకల్లాంటి కొమ్మలు ట్రేలో చూపించడం చాలా కష్టం, బీపీ ఎక్కువైనప్పుడు తరచూ చిట్లేవి అవే. వాటికి మాత్రం మోడల్‌ని మించింది లేదు. సిరల దగ్గర నేనూ తొందరగా దాటేసేవాణ్ణి, నువ్వు అలా చెయ్యకు.

మీ కాలేజీ ఉన్న ఆ కొండల్లో నెట్ సంగతి నీకు తెలిసిందే. ఫైలు తేలిక చేసి, ముందురోజే పిల్లల ఫోన్లలోకి ఎక్కించు.

ఇంకోటి. స్కాన్లని త్రీడీ బొమ్మలుగా మార్చే త్రీడీ స్లైసర్ సాఫ్ట్‌వేర్‌లో ఆసుపత్రి స్కాన్‌తో సొంతంగా మోడల్ చేస్తానన్నావు. చెయ్యి, కానీ పేషెంట్ అనుమతీ కాలేజీ అనుమతీ రాతపూర్వకంగా తీసుకో. పేరు చెరిపేస్తే సరిపోదు, తల స్కాన్ నుంచి ముఖం మళ్ళీ తయారవుతుంది. చర్మం, ముక్కు, చెవులు కత్తిరించాకే ఎవరికైనా పంపు.

దసరాకి వచ్చేటప్పుడు ఆ సన్న కొమ్మ ఉన్న మోడల్ పెన్‌డ్రైవ్‌లో తే. టీవీలో పెట్టి, పేర్లు లేకుండా నన్నే అడుగు. మీ పెద్దమ్మ మార్కులేస్తానంటోంది.

నీ పెదనాన్న