మదర్‌బోర్డు మీది బటన్ సెల్ తీస్తే ల్యాప్‌టాప్ స్టార్టప్ పాస్‌వర్డ్ పోతుందా?

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి పోదు. పాత డెస్క్‌టాప్‌లలో ఈ పాస్‌వర్డ్, అంటే బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్, ఉండే మెమరీని నిలబెట్టేది 3 వోల్టుల సీఆర్2032 బటన్ సెల్. అది తీసి కాసేపు ఆగితే పాస్‌వర్డ్ చెరిగిపోయేది. ల్యాప్‌టాప్‌లో దాన్ని మదర్‌బోర్డు మీది చిప్‌లో రాసిపెడతారు. కరెంటు లేకపోయినా అది చెరగదు. సెల్ పీకితే చెడేది తేదీ, టైమే.

తిరుపతిలో సెకండ్‌హ్యాండ్ లెనోవో థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్ కొన్నారనుకోండి. ఎఫ్1 నొక్కి బయాస్ సెటప్‌లోకి వెళ్లబోతే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ (బయాస్ సెట్టింగులకు వేసే తాళం) అడిగింది. మర్చిపోయిన ఆ పాస్‌వర్డ్‌ను లెనోవో రీసెట్ చేయదు, మదర్‌బోర్డు మార్చాల్సిందే, అదీ మన ఖర్చుతోనే. డెల్‌లో కొన్ని మోడళ్లకు సర్వీస్ ట్యాగ్ (మెషీన్ గుర్తింపు కోడ్) ఇచ్చి, మెషీన్ మీదేనని రుజువు చూపితే అన్‌లాక్ కోడ్ ఇస్తారు. అందుకే ముందు అమ్మినతన్ని పట్టుకోండి. అతనికి గుర్తుంటే రెండు నిమిషాల పని: సెటప్‌లో పాత పాస్‌వర్డ్ కొట్టి, కొత్తదాని గడి ఖాళీగా వదిలి సేవ్ చేయడమే.

విండోస్ మళ్లీ వేస్తేనో, ఎస్‌ఎస్‌డీ (విండోస్ ఉండే డిస్కు) మారిస్తేనో బయాస్ పాస్‌వర్డ్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు, ఆ పాస్‌వర్డ్ డిస్కులో ఉండదు కదా. కంపెనీ లోగో దాటాక మీ పేరు, ఫొటోతో అడిగేది విండోస్ పాస్‌వర్డ్. ఫార్మాట్‌తో పోయేది అదే.