దిబ్బ కింద ఏముందో తవ్వకుండా తెలుస్తుందా?

ప్రశ్న: సార్, ఒక డాక్యుమెంటరీలో ఇంగ్లండ్ పల్లెల్లో పొలాల మధ్య మట్టి దిబ్బలు చూపించి, అవి వేల ఏళ్ళ నాటి సమాధులన్నారు. తవ్వకుండానే ఎలా చెప్తారు? బంగారం ఉంటుందంటారు కదా, అన్నీ తవ్వేయొచ్చుగా?

జవాబు: చాలా దిబ్బల చుట్టూ కందకం ఉంటుందండి, దిబ్బ పొయ్యడానికి మట్టి అక్కణ్ణుంచే తీసేవాళ్ళు. వందల ఏళ్ళు దున్ని దున్ని దిబ్బ నేలమట్టమైపోయినా కందకం మాత్రం పూడిపోయి కింద అలాగే ఉంటుంది, అక్కడ మెత్తటి మట్టి లోతుగా ఉండి తేమ నిలుస్తుంది కాబట్టి, వానల్లేక చుట్టూ పైరు వాడిపోతున్నా ఆ గీత మీద మాత్రం ఏపుగా పచ్చగా ఉంటుంది. పొలంలో నిలబడితే ఏం తెలీదు, పైనుంచి చూస్తే పచ్చటి రింగు! 1920ల్లో ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ అనే పురావస్తు పరిశోధకుడు విమానం ఫోటోలతో ఇలాంటివే వెతికాడు. అలాగని ప్రతి దిబ్బా సమాధి కాదు. ఇంగ్లండ్‌లోనే సిల్‌బరీ హిల్ అనే దిబ్బ దాదాపు 40 మీటర్ల ఎత్తు, 1776లో, 1849లో, మళ్ళీ 1968లో లోపలికంటా తవ్వారు, ఒక్క సమాధి కూడా దొరకలేదు.

బంగారం కొన్నిట్లో నిజంగానే ఉంది. 1808లో స్టోన్‌హెంజ్ అనే పాత రాతి కట్టడం దగ్గర బుష్ బారో అనే సమాధి దిబ్బలో, దిబ్బలు తవ్వించే కన్నింగ్టన్, కోల్ట్ హోర్ వాళ్ళకి బంగారు పలక దొరికింది. కానీ వాళ్ళు అలా వందల దిబ్బలు తవ్వించేశారు, నాకు బాధ అక్కడే. దిబ్బ కట్టిన రోజు దాని కింద కప్పబడిపోయిన పాత నేల ఉంటుంది చూడండి, అందులో పుప్పొడి, నత్తగుల్లలు దొరుకుతాయి, అప్పుడక్కడ అడవి ఉండేదా గడ్డి మైదానమా అన్నది వాటితో చెప్పేయొచ్చు. బంగారం కోసం గొయ్యి తీస్తే అదంతా కలగాపులగం అయిపోతుంది, మళ్ళీ రాదు. ఇంగ్లండ్‌లోని వెస్ట్ కెనెట్ సమాధి దిబ్బలో ఎముకలు మిగలబట్టే కదా 2007లో రేడియోకార్బన్ తేదీలు (ఎముకల్లో మిగిలిన కార్బన్‌ని బట్టి కట్టే వయసు) మళ్ళీ లెక్కకట్టి, అక్కడున్న 36 మంది దాకా జనాన్ని క్రీ.పూ. 3650 ప్రాంతంలో ఒక తరం లోపే పెట్టారని తేల్చారు, అంతకుముందు వందల ఏళ్ళు వాడారనుకునేవాళ్ళు. నా దృష్టిలో ఇది ఏ బంగారం కన్నా పెద్ద సంగతి.

ప్రశ్న: ఐర్లండ్‌లో ఒక దిబ్బ లోపలికి ఏడాదికోసారి ఎండ వస్తుందట, నిజమేనా?

జవాబు: నిజమే. న్యూగ్రేంజ్, దాదాపు 5200 ఏళ్ళ నాటిది. డిసెంబర్ 21 అటూ ఇటూ కొన్ని రోజులే, సూర్యోదయం అవ్వగానే గుమ్మం పైన విడిగా కట్టిన చిన్న కంతలోంచి 19 మీటర్ల దారి గుండా వెలుగు లోపలి గది దాకా వచ్చి ఓ 17 నిమిషాలుంటుంది. తవ్వకాలు చేసిన ఓ'కెల్లీ 1967లో లోపల కూర్చుని చూశాడు.

ప్రశ్న: ఇలాంటి దిబ్బ ఉన్న పొలం రైతు ఏం చెయ్యాలి?

జవాబు: నాగలి దిబ్బ అంచు దాకా తీసుకెళ్ళొద్దు, కందకం ఇంకా బయటికి ఉంటుంది కాబట్టి కొన్ని మీటర్లు వదిలెయ్యాలి. గడ్డి పెరగనివ్వండి, చెట్లు నాటొద్దు, వేర్లు లోపలికి దిగితే ఎముకలూ కుండలూ చెదిరిపోతాయి. కుండ పెంకో ఎముకో పైకి తేలితే తియ్యకుండా అక్కడే ఫోటో తీసి పురావస్తు శాఖ వాళ్ళకి చెప్పండి, ఎక్కడ ఎంత లోతులో ఉందో తెలిస్తేనే వాళ్ళకి ఉపయోగం.