రాయి ఎలా వచ్చిందో కూడా రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రాయచూరు యాత్రా వ్యాసం రెండుసార్లు చదివాను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేల గురించి రాయాలని నీకు తోచినందుకే సంతోషించాను. బహమనీ సుల్తానులు, విజయనగర రాజులు, ఆ తరువాత బిజాపూరు ఆదిల్‌షాహీలు తరాల తరబడి పోరాడుకున్న సరిహద్దు నేల అది. అయితే నీ వ్యాసమంతటా కత్తుల చప్పుడే వినిపించింది, కోట మాత్రం కనిపించలేదు.

పడమటి ద్వారం దగ్గర ఎంతసేపు ఆగావు? అక్కడి లోపలి గోడలో 40 అడుగులకు పైగా పొడవున్న ఒకే రాతిపలక ఉంది. దాని మీద 1294 నాటి తెలుగు శాసనం, కాకతీయుల సేనాని గోరె గన్నయరెడ్డి ప్రస్తావన ఉన్నాయి. శాసనాన్ని నువ్వు ఒక్క వాక్యంలో ముగించావు. పక్కనే చెక్కిన బొమ్మ ఊసే ఎత్తలేదు. ఆ పలకను బండి మీద తరలిస్తున్న దృశ్యం అది. బారులు తీరిన దున్నపోతులు లాగుతుంటే, మనుషులు చక్రాలను మీటలతో నెడుతున్నారు. ఏలికల ఘనత చెప్పే రాతి మీదే దాన్ని లాక్కొచ్చినవాళ్లకూ చోటు దొరికింది. మొదటిసారి చూసినప్పుడు నాకు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. నీ వ్యాసం అక్కడ మొదలు కావాలి.

గోడలనూ అలాగే చూడు. లోపలి ప్రాకారంలో పెద్ద పెద్ద రాళ్లను సున్నం లేకుండానే పేర్చారు. బయటి ప్రాకారం తరువాతి సుల్తానుల కాలానిది. ఒకరు కట్టిన గోడను మరొకరు కూల్చకుండా దాని చుట్టూ ఇంకొకటి కట్టుకున్నారు. సరిహద్దు అంటే ఏమిటో ఆ రెండు గోడల మధ్య నడిస్తే తెలుస్తుంది.

రాయచూరు కోసం శ్రీకృష్ణదేవరాయలు ఆదిల్‌షాహీలతో చేసిన 1520 యుద్ధం గురించి ఒక మాట. పోర్చుగీసు యాత్రికుడు న్యూనిజ్ చెప్పిన సైన్యాల లెక్కలను ఉన్నదున్నట్టు ఎత్తి రాశావు. అతను విజయనగరానికి వచ్చింది యుద్ధం ముగిసి ఏళ్లు గడిచాక. కాబట్టి అంకెల దగ్గర అతని పేరు చెప్పు. పోరాటాన్ని రెండు మతాల తగవుగా చూపడం మాత్రం నాకు నచ్చలేదు. శ్రీకృష్ణదేవరాయల పక్షాన క్రిస్టోవాఁవ్ ద ఫిగరేదు వెంట వచ్చిన పోర్చుగీసులు తుపాకులతో కోటగోడల మీది కావలివాళ్లను కొట్టారు. అంతకు సుమారు వందేళ్ల ముందే విజయనగర రాజు రెండవ దేవరాయలు తన సైన్యంలో ముస్లిం విలుకాండ్రను చేర్చుకున్నాడు. ఇవి తెలిసిన పాఠకుడు నిన్ను నమ్మడు.

కోటను ఆనుకున్న గుట్ట కూడా ఎక్కు. ఒకదాని మీద ఒకటి నిలిచిన ఉండరాళ్లు, వాటికి అవతల పరచుకున్న పొలాలు కనిపిస్తాయి. రాజులు ఈ నేల కోసం ఎందుకంత తపించారో అక్కడ నిలబడి ఆలోచించు. తరువాత ఊళ్లోకి దిగి కన్నడం, తెలుగు, ఉర్దూ ఒకే వీధిలో ఎలా కలిసి నడుస్తున్నాయో విను. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఊరు అది.

మళ్లీ వెళ్లేటప్పుడు అలంపురం దాకా రా. రెండు నదులూ కలిసే కూడవెల్లి దగ్గరి సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా రాయి రాయిగా విప్పి అక్కడికి తెచ్చి నిలబెట్టారు. దాని గోడల మీద చేయి వేసి చూడు. చూశాక నాకు ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి